సొంత పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌లో ఎక్సెప్షన్లు: ఏది ఎర్రర్ కింద పెట్టాలి, ఏది ఎక్సెప్షన్ కింద పెట్టాలి?

మధురవాడ_డెవ్

అందరికీ నమస్కారం. విశాఖలో పోర్టు రోడ్డు వైపున్న ఒక యార్డుకి మా టీమ్ సాఫ్ట్‌వేర్ చూస్తుంది. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి కాటా ఎక్కుతుంది. రెండు బరువుల తేడా లెక్కగట్టి స్లిప్ ప్రింట్ చేస్తాం. అప్లికేషన్ పీహెచ్‌పీ 8.1. ఇండికేటర్ (కాటా బరువు చూపించే పెట్టె) నుంచి ఆర్ఎస్-232 సీరియల్ కేబుల్ ద్వారా బరువు చదవడానికి సి భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ (పీహెచ్‌పీకి తగిలించే అదనపు భాగం) ఒకటుంది. పాత వెండర్ రాసి వెళ్ళిపోయాడు, ఇప్పుడు అది మా చేతికి వచ్చింది.

అందులో మూడు పద్ధతులు కలగాపులగంగా ఉన్నాయి. పోర్టు తెరిచే ఫంక్షన్, బరువు చదివే ఫంక్షన్ ఫెయిలైతే వార్నింగ్ వేసి ఫాల్స్ ఇస్తాయి. ఇండికేటర్‌కి కమాండ్ పంపేవి ఎక్సెప్షన్ త్రో చేస్తాయి, అంటే తప్పు వివరాన్ని ఒక ఆబ్జెక్ట్‌గా పిలిచిన కోడ్ వైపు పంపుతాయి. కారణం ఏదైనా క్లాసు మాత్రం ఒకటే, అదే మామూలు ఎక్సెప్షన్. బాడ్ రేటు (సీరియల్ లైన్ వేగం) తప్పుగా ఇస్తే నేరుగా ఫేటల్ ఎర్రర్, రిక్వెస్ట్ అక్కడితో ఆగిపోతుంది.

అప్లికేషన్ వైపు వాటిని పట్టుకునే పెద్ద క్యాచ్ బ్లాక్ ఒకటే. ఏం జరిగినా "కాటా పనిచేయడం లేదు, బరువు టైప్ చేయండి" అని స్క్రీన్ మీద వస్తుంది, గుమాస్తా టైప్ చేస్తాడు. కేబుల్ ఊడినా అంతే, లారీ ఇంకా కుదురుకోకపోయినా అంతే, మా కోడ్‌లో బగ్ ఉన్నా అంతే. చేత్తో వేసిన బరువుల మీద లారీ ఓనర్లకీ యార్డుకీ రోజూ గొడవే. ఇంకో చోట ఎక్సెప్షన్ మెసేజ్‌లో "టైమ్‌అవుట్" అన్న మాట ఉందా అని వెతికి, ఉంటే మళ్ళీ ప్రయత్నించే కోడ్ కూడా కనిపించింది.

దీన్ని పద్ధతిగా అమర్చాలనుకుంటున్నాం. క్లాసులు ఎలా విడగొట్టాలి? ఇంజిన్ (పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే అసలు భాగం) సొంత క్లాసుల కింద మనవి ఎక్కడ తగిలించాలి? పీహెచ్‌పీతో వచ్చే ఎక్స్‌టెన్షన్లు ఏం చేస్తున్నాయో తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం

బ్రదర్, కాటా చదివే ఎక్స్‌టెన్షన్‌కి క్లాసుల చెట్టు ఎందుకు? ఒక్క కాటాఎక్సెప్షన్ పెట్టు, లోపల ఎర్రర్ కోడ్ నంబర్ పెట్టు. క్యాచ్‌లో కోడ్ చూసుకుంటే సరిపోతుంది. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఇరవై ఎక్సెప్షన్ క్లాసులు రాసిపెట్టి, చివరికి అందరూ పైనున్న ఒక్కదాన్నే క్యాచ్ చేశారు.

గాజువాక_సి

తమ్ముడూ, క్లాసుల పేర్లు తర్వాత చూద్దాం. పీహెచ్‌పీలో ఎర్రర్, ఎక్సెప్షన్ అని క్లాసుల చెట్టుకి రెండు కాండాలు ఎందుకున్నాయో ముందు మనసుకి పట్టించుకో, సగం పని అక్కడే అయిపోతుంది.

పీహెచ్‌పీ 5 నాటికి, అంటే 2004లో, భాషలోకి ఎక్సెప్షన్లు వచ్చాయి. కానీ ఇంజిన్ మాత్రం వార్నింగులు, ఫేటల్ ఎర్రర్ల పాత దారిలోనే నడిచింది. 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చాక చాలా ఫేటల్ ఎర్రర్లను కూడా త్రో చేయడం మొదలైంది. అవన్నీ ఎక్సెప్షన్ క్లాసు కింద పెట్టి ఉంటే, ఊళ్ళో ఉన్న ప్రతి పాత క్యాచ్ బ్లాకూ ఇంజిన్ ఎర్రర్లను చడీచప్పుడు లేకుండా మింగేసేది. అందుకని ఎర్రర్ అనే రెండో కాండం పెట్టారు. రెండింటికీ పైన త్రోయబుల్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. మన క్లాసు దాన్ని నేరుగా ఇంప్లిమెంట్ చేయలేదు, రెండు కాండాల్లో ఏదో ఒకదాన్నుంచి దిగి రావాల్సిందే.

ఇప్పుడు నీ ఎక్స్‌టెన్షన్‌లో ఫెయిల్ అయ్యే ప్రతి చోటునీ పట్టుకుని ఒకే ప్రశ్న వెయ్యి: ఇది జరిగితే సరిచేయాల్సింది ఎవరు? కోడ్ రాసినవాడు తిరిగి కోడ్ దిద్దితేనే పోయేదైతే ఎర్రర్ వైపు. కోడ్ అంతా సవ్యంగా ఉన్నా కేబుల్, కరెంటు, యంత్రం వల్ల జరగగలిగేదైతే ఎక్సెప్షన్ వైపు. బాడ్ రేటు 9600 బదులు 96 అని ఇస్తే అది ప్రోగ్రామర్ తప్పు, కొత్త క్లాసే అక్కర్లేదు. పీహెచ్‌పీ 8.0లో వచ్చిన వాల్యూఎర్రర్ దానికోసమే ఉంది. స్ట్రింగ్ ఇవ్వాల్సిన చోట అర్రే ఇస్తే టైప్ఎర్రర్, అది పారామీటర్ పార్సింగే చూసుకుంటుంది. కేబుల్ ఊడితే అది నీ సొంత ఎక్సెప్షన్.

ఇంజిన్ వాళ్ళు ఏం చేశారంటావా, రెండు చూడు చాలు. 8.2లో వచ్చిన రాండమ్ ఎక్స్‌టెన్షన్‌లో రాండమ్ఎర్రర్, రాండమ్ఎక్సెప్షన్ అని రెండు వేర్లు (మూల క్లాసులు), రెండు కాండాలకీ ఒక్కోటి. 8.3లో డేట్ ఎక్స్‌టెన్షన్‌కీ అదే పద్ధతి: డేట్ఎర్రర్ ఒకటి, డేట్ఎక్సెప్షన్ ఒకటి, వాటి కింద కొమ్మలు. అంతకు ముందు పనికిరాని తేదీ స్ట్రింగ్ ఇస్తే డేట్‌టైమ్ కన్‌స్ట్రక్టర్ ఉత్త ఎక్సెప్షన్ త్రో చేసేది. ఇప్పుడు స్ట్రింగ్ చెడ్డదైతే దానికి ప్రత్యేక క్లాసు, టైమ్‌జోన్ చెడ్డదైతే ఇంకో క్లాసు. అవి ఎక్సెప్షన్ నుంచే దిగాయి కనుక ఆ కన్‌స్ట్రక్టర్ చుట్టూ రాసిన పాత క్యాచ్ బ్లాకులు అలాగే పనిచేస్తాయి. నీకు అదే నమూనా.

ఏయూ_విద్యార్థి

సర్, ఒక సందేహం. తేదీ స్ట్రింగ్ చెడ్డదిస్తే అది కూడా ప్రోగ్రామర్ తప్పే కదా? దాన్ని ఎక్సెప్షన్ వైపు ఎందుకు పెట్టారు?

గాజువాక_సి

మంచి ప్రశ్న బాబూ. ఆ స్ట్రింగ్ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించు. వెబ్ ఫారంలో మనిషి టైప్ చేస్తాడు, లేదా ఎవరో పంపిన ఫైల్‌లోంచి వస్తుంది. "అది సరైన తేదీయేనా" అని తెలుసుకోవడానికి ఆ కన్‌స్ట్రక్టర్‌కే ఇచ్చి చూడాలి. ముందుగా పరీక్షించుకునే సులువైన దారి పిలిచేవాడికి లేదు. అలాంటప్పుడు వాణ్ణి తప్పుబట్టలేం. బాడ్ రేటు అలా కాదు, పరిమితమైన జాబితా, మాన్యువల్లో ఉంటుంది, కోడ్‌లో ఒకసారి రాస్తారు. ఇన్‌పుట్ ఒకలాంటిదే అనిపించినా అది వచ్చే దారిని బట్టి కాండం మారుతుంది.

పెదవాల్తేరు_పైథాన్

గాజువాక గారు చెప్పిన దానికి పైథాన్ వైపు నుంచి కొంత కలుపుతాను. కంచరపాలెం గారు "ఒక్క క్లాసు, లోపల కోడ్" అన్నారు. పైథాన్ ఆ దారిలో చాలా ఏళ్ళు నడిచి వెనక్కి వచ్చింది. ఒకప్పుడు ఫైల్ తెరవడంలో ఐఓఎర్రర్, ఓఎస్ మాడ్యూల్‌లో ఓఎస్ఎర్రర్, సాకెట్‌కి దాని సొంత ఎర్రర్, సెలెక్ట్‌కి ఇంకోటి ఉండేవి. అన్నిటి కిందా ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అదే నంబర్. ఏ మాడ్యూల్ ఏది త్రో చేస్తుందో గుర్తుపెట్టుకోవాలి, పట్టుకున్నాక లోపలి నంబర్ చూసి, మనది కాకపోతే మళ్ళీ త్రో చేయాలి. ఆ మళ్ళీ త్రో చేసే వాక్యాన్ని మర్చిపోతే ఎర్రర్ మాయం.

2012లో వచ్చిన పైథాన్ 3.3లో, పెప్ 3151 (పైథాన్ మార్పు ప్రతిపాదన) ప్రకారం, వీటన్నిటినీ ఓఎస్ఎర్రర్‌లో కలిపేశారు. తరచూ వచ్చే నంబర్లకి ఫైల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్, పర్మిషన్ఎర్రర్, టైమ్‌అవుట్ఎర్రర్ లాంటి ఉపక్లాసులు ఇచ్చారు. నంబర్‌ని తీసేయలేదు, లోపల అలాగే ఉంది. పాత పేర్లు కూడా పనిచేస్తాయి, ఇప్పుడవి ఓఎస్ఎర్రర్‌కే మారుపేర్లు. మీ పాత కోడ్ విరగకుండా మార్చడానికి ఇది చూసి తీరాల్సిన ఉదాహరణ.

ఎన్ని క్లాసులు పెట్టాలన్నదానికి నేను పాటించేది ఒకటే. పిలిచేవాడు రెండు సందర్భాల్లో వేరువేరు పని చేస్తాడా? చేస్తే రెండు క్లాసులు. చేయకపోతే ఒకటే క్లాసు, వివరం ప్రాపర్టీలో.

కంచరపాలెం

సరే, నంబర్ చూసి మళ్ళీ త్రో చేయడం మర్చిపోతారన్నది నిజమే, మా దగ్గరా జరిగింది. కానీ మధురవాడ కేసులో ఆ లెక్కన ఎన్ని క్లాసులు వస్తాయో చూడండి. కేబుల్ ఊడితే గుమాస్తా కేబుల్ చూడాలి. ఇండికేటర్ మాట్లాడకపోతే కరెంటు చూడాలి. లారీ కుదురుకోకపోతే ఆగాలి. ఓవర్‌లోడ్ అయితే లారీని దించేయాలి. నాలుగున్నాయి. అంతకు మించి ఒక్కటి పెంచినా నేను ఒప్పుకోను.

భీమిలి_పోస్ట్‌గ్రెస్

ఆ నాలుగులో ఒకటి అసలు ఎక్సెప్షనే కాదని నా వాదన. లారీ కుదురుకోకపోవడం.

ఇండికేటర్ పంపే ప్రతి లైన్‌లో బరువుతోపాటు స్థిరమా, కదులుతోందా అని ఒక గుర్తు ఉంటుంది కదా? కేబుల్ బాగుంది, ఇండికేటర్ బాగుంది, ప్రశ్నకి సరైన జవాబే వచ్చింది: "ఇంకా కదులుతోంది". రోజూ ప్రతి లారీకీ వచ్చే జవాబు అది. దాన్ని త్రో చేస్తే మామూలుగా జరిగే పనికే క్యాచ్ బ్లాక్ రాయాల్సి వస్తుంది. బరువు చదివే ఫంక్షన్ ఒక రీడింగ్ ఆబ్జెక్ట్ ఇవ్వాలి, అందులో కిలోలు, స్థిరంగా ఉందా లేదా అన్న గుర్తు ఉండాలి. పీహెచ్‌పీ-ఫిగ్ అనే బృందం పెట్టిన పీఎస్ఆర్-18 ప్రమాణం కూడా ఇంతే. హెచ్‌టీటీపీ క్లయింట్‌కి సర్వర్ 404 అని చెప్పినా 500 అని చెప్పినా అది రెస్పాన్సే, ఎక్సెప్షన్ కాదు. నెట్‌వర్క్ దగ్గరే తెగిపోతే అప్పుడు నెట్‌వర్క్ ఎక్సెప్షన్.

ఓవర్‌లోడ్ గురించి నాకు అంత గట్టి పట్టుదల లేదు. దాన్నీ రీడింగ్‌లో పెట్టొచ్చు. కానీ అప్పుడు కిలోల అంకె నమ్మదగింది కాదు, చూడకుండా వాడేస్తారన్న భయం ఉంటే త్రో చేయడమే మేలు.

మధురవాడ_డెవ్

ఇది నాకు తట్టలేదు. మీరన్నట్టే ఇండికేటర్ స్థిరం గుర్తు పంపుతుంది. పాత కోడ్ దాన్ని చూసి "బరువు స్థిరంగా లేదు" అని ఎక్సెప్షన్ త్రో చేస్తోంది. గుమాస్తాకి చేత్తో టైప్ చేయమని ఎక్కువసార్లు కనిపించేది దీనివల్లే అయ్యుండాలి. రీడింగ్ ఆబ్జెక్ట్ పెడితే స్క్రీన్ మీద "ఆగండి" అని చూపించి అదే చదువుతూ ఉండొచ్చు.

ఫాల్స్ ఇచ్చే పాత ఫంక్షన్ల సంగతేంటి? వాటిని వదిలేయొచ్చా?

పెదవాల్తేరు_పైథాన్

వదిలేయకండి, మీ దగ్గర అన్నిటికన్నా ప్రమాదం అదే. ఖాళీ కాటా మీద బరువు సున్నా. చదవడం ఫెయిలైతే ఫాల్స్. పీహెచ్‌పీలో రెండు సమాన గుర్తులతో పోల్చితే ఆ రెండూ సమానం, ఫాల్స్‌ని లెక్కలో వాడితే సున్నాగా మారుతుంది. ఖాళీ లారీ బరువు చదివేటప్పుడు ఫెయిలై, నిండు బరువులోంచి సున్నా తీసేస్తే లారీ బరువు కూడా సరుకులో కలిసి స్లిప్ మీద పడుతుంది. ఎవరూ గమనించరు కూడా.

గాజువాక_సి

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఇంజిన్ వాళ్ళు కూడా మెల్లమెల్లగా అటే వచ్చారు. డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓ మొదట్లో ఏమీ మాట్లాడకుండా ఊరుకునేది, 8.0 నుంచి డిఫాల్ట్‌గా ఎక్సెప్షన్ త్రో చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి వాడే మైఎస్‌క్యూఎల్‌ఐ కూడా అంతే, 8.1 నుంచి. జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) చదివే జేసన్ డీకోడ్‌కి 7.3లో త్రో చేయమనే ఫ్లాగ్ వచ్చింది, అడిగినవాళ్ళకే ఇస్తుంది. అది కూడా ఫాల్స్, నల్ గొడవే: "నల్" అన్న జేసన్‌ని చదివినా నల్లే, ఫెయిలైనా నల్లే.

ఇక సి వైపు. దీన్ని కొంచెం పొడుగ్గా రాస్తాను, తమ్ముడు అసలు చెయ్యి పెట్టబోయేది ఇక్కడే.

సి ఫంక్షన్‌లో ఇంజిన్ ఇచ్చే జెండ్ త్రో ఫంక్షన్ పిలవగానే ఏదో ఎగిరి బయటికి పోతుందనుకుంటారు. అలా జరగదు. ఎక్సెప్షన్ ఆబ్జెక్ట్‌ని ఇంజిన్ తన గ్లోబల్ స్థితిలో ఒక చోట పెట్టుకుంటుంది, అంతే. నీ సి కోడ్ తర్వాతి లైన్ నడుస్తూనే ఉంటుంది. తీసుకున్న మెమరీ వదలాలి, తెరిచింది మూయాలి, వెంటనే రిటర్న్ కావాలి. అదంతా నీ బాధ్యత. 8.0 నుంచి దీనికోసం రిటర్న్-త్రోస్ అనే మాక్రో ఉంది. డీబగ్ బిల్డ్‌లో అది నిజంగా ఎక్సెప్షన్ ఉందో లేదో కూడా సరిచూస్తుంది, కాబట్టి మామూలు రిటర్న్ బదులు దాన్నే వాడు.

ఇది మర్చిపోయే చోట్లు నాకు తెలిసి మూడు. మొదటిది కాల్‌బ్యాక్. నీ ఎక్స్‌టెన్షన్ పీహెచ్‌పీ ఫంక్షన్‌ని పిలిస్తే, అది త్రో చేసి ఉండొచ్చు. తిరిగి రాగానే పెండింగ్ ఎక్సెప్షన్ ఉందా అని చూడకుండా ముందుకు పోకూడదు.

రెండోది చాలామందికి తెలియనిది: వార్నింగ్. వార్నింగ్ వేయడం నిరపాయం అనుకుంటాం. కానీ అప్లికేషన్‌లో వార్నింగులన్నిటినీ ఎర్రర్ఎక్సెప్షన్‌గా మార్చే హ్యాండ్లర్ పెట్టుకుంటే, ఇప్పటి ఫ్రేమ్‌వర్కులు చాలావరకు పెడతాయి, నీ వార్నింగ్ లైన్ దాటేసరికి ఎక్సెప్షన్ ఒకటి పెండింగ్‌లో ఉంటుంది. ఆ పైన నువ్వు ఇంకోటి త్రో చేస్తే మొదటిది రెండోదానికి "ప్రీవియస్"గా తగులుకుంటుంది. అందుకని ఒక ఫెయిల్యూర్‌కి వార్నింగ్ అయినా వెయ్యి, ఎక్సెప్షన్ అయినా త్రో చెయ్యి, రెండూ చేయకు.

మూడోది ఆ ఫేటల్ ఎర్రర్. ఎక్స్‌టెన్షన్‌లోంచి ఫేటల్ వేస్తే ఇంజిన్ లాంగ్‌జంప్ (మధ్యలోని ఫంక్షన్లన్నిటినీ వదిలేసి దూకే సి పద్ధతి) చేసి రిక్వెస్ట్ మొదలైన చోటికి దూకుతుంది. మధ్యలో ఉన్న నీ సి ఫంక్షన్లలో మూసే కోడ్ ఒక్క లైన్ కూడా నడవదు. సి భాష మామూలు మాల్లాక్ ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీ లీక్. పోర్టు డిస్క్రిప్టర్ (తెరిచిన పోర్టుకి ఓఎస్ ఇచ్చే నంబర్) లోకల్ వేరియబుల్‌లో ఉంటే అది తెరిచే ఉండిపోతుంది, అదే ప్రాసెస్ తర్వాతి రిక్వెస్ట్ తీసుకుంటుంది, పోర్టు బిజీ అంటుంది. డిస్క్రిప్టర్‌ని ఎప్పుడూ ఒక ఆబ్జెక్ట్ లోపల పెట్టి, దాని ఫ్రీ హ్యాండ్లర్‌లో (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) మూయించు. ఫేటల్ నువ్వు తీసేసినా, మెమరీ లిమిట్ దాటితే ఇంజిన్ ఎలాగూ ఇదే దారిలో దూకుతుంది.

సీతమ్మధార_జావా

జావా నుంచి సి కోడ్ పిలిచే జేఎన్‌ఐలో కూడా అచ్చం ఇదే. నేటివ్ కోడ్‌లో త్రో చేస్తే అది పెండింగ్‌లో ఉంటుంది, సి కోడ్ నడుస్తూ పోతుంది. పెండింగ్ ఉండగా చాలా జేఎన్‌ఐ ఫంక్షన్లు పిలవకూడదు. ప్రతి జావా పిలుపు తర్వాత ఎక్సెప్షన్‌చెక్ రాయాల్సిందే. వర్చువల్ మెషీన్‌ని జేఎన్‌ఐ చెక్ మోడ్‌లో నడిపితే చూడని చోట్లు హెచ్చరికలుగా బయటపడతాయి.

మధురవాడ_డెవ్

గాజువాక అన్నా, ఒక మాట. సీరియల్ ప్రోటోకాల్ చదివే భాగం వెండర్ సి++లో రాశాడు, అది సొంతంగా సి++ ఎక్సెప్షన్లు త్రో చేస్తుంది. దాన్ని ఇంజిన్ దాకా రానివ్వొచ్చా?

గాజువాక_సి

వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంజిన్ సి కోడ్. దాని ఫ్రేముల్లోంచి సి++ ఎక్సెప్షన్ దాటితే ఏం జరుగుతుందో ఏ హామీ లేదు. సి++ కోడ్‌లోకి అడుగుపెట్టే ప్రతి ఫంక్షన్ చుట్టూ ఒక ట్రై బ్లాక్ పెట్టి అన్నిటినీ అక్కడే పట్టుకో. పట్టుకున్నదాన్ని చిన్న స్ట్రక్చర్‌లోకి మార్చు: రకం, ఓఎస్ ఇచ్చిన నంబర్, మెసేజ్. ట్రై బ్లాక్ దాటి వచ్చాక, సి++ ఆబ్జెక్టుల డిస్ట్రక్టర్లన్నీ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు శుభ్రం చేసే కోడ్) నడిచాక, అప్పుడు పీహెచ్‌పీ ఎక్సెప్షన్ త్రో చెయ్యి. తిరుగు దారి కూడా గుర్తుంచుకో. సి++ లోపలి నుంచి ఇంజిన్ ఫంక్షన్ పిలిస్తే, అది లాంగ్‌జంప్ చేస్తే డిస్ట్రక్టర్లు నడవవు. ప్రోటోకాల్ భాగానికి ఇంజిన్ అనేది ఒకటుందని కూడా తెలియకుండా ఉంచితే ఆ గొడవే ఉండదు.

రస్ట్ భాష వాళ్ళు ఇదే విషయాన్ని భాషలోనే కట్టుదిట్టం చేశారు. 2024 సెప్టెంబరులో వచ్చిన 1.81 నుంచి, సి కోసం బయటికిచ్చిన ఫంక్షన్‌లోంచి పానిక్ (రస్ట్‌లో కోలుకోలేని తప్పు) దాటబోతే ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేస్తుంది.

ఈ అనువాదం అంతా ఒక్క ఫైల్‌లో, ఒక్క ఫంక్షన్‌లో పెట్టు. ఏ కారణం ఏ క్లాసు అవుతుందో చూడాలంటే ఆ ఒక్క ఫైల్ తెరిస్తే చాలు. క్లాసుల చెట్టు ఎంత అందంగా గీసినా, త్రో చేసే లైన్లు ఎక్స్‌టెన్షన్ అంతటా చెల్లాచెదురుగా ఉంటే ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది.

స్టీల్‌సిటీ_ఆప్స్

రాత్రిపూట లాగ్ చూసే మనిషిగా నా విన్నపాలు కొన్ని.

ఎక్స్‌టెన్షన్ త్రో చేసినదాన్ని అప్లికేషన్‌లో పట్టుకుని మరో ఎక్సెప్షన్‌గా మారిస్తే, పాతదాన్ని "ప్రీవియస్"గా తప్పకుండా జత చేయండి. "స్లిప్ తయారు కాలేదు" అని మాత్రమే లాగ్‌లో ఉంటే నేనేం చేయాలి? దాని కింద పోర్టు పేరు, ఓఎస్ నంబర్ కనిపిస్తే పది నిమిషాల్లో మనిషిని పంపగలను.

పోర్టు పేరు, ఓఎస్ నంబర్ మెసేజ్‌లో కలిపేయకుండా విడి ప్రాపర్టీలుగా ఇవ్వండి. మెసేజ్ చదవడానికి మాత్రమే. రేపు మీరు అందులో ఒక మాట దిద్దినా ఎవరి కోడూ విరగకూడదు. ఆ "టైమ్‌అవుట్" మాట వెతికే కోడ్ అందుకే భయపెడుతోంది.

ఇంకొకటి. అన్నిటికన్నా పైన పెట్టే హ్యాండ్లర్ త్రోయబుల్‌ని తీసుకోవాలి, ఎక్సెప్షన్‌ని కాదు. పీహెచ్‌పీ 5 నుంచి 7కి మారినప్పుడు పారామీటర్‌కి ఎక్సెప్షన్ అని టైప్ రాసుకున్న హ్యాండ్లర్లు, ఎర్రర్ ఒకటి రాగానే వాటంతట అవే ఫేటల్ అయ్యాయి. మీ ఎక్స్‌టెన్షన్‌లో కొన్ని ఎర్రర్ వైపుకి జరుగుతున్నాయి కనుక ఇది ముందే చూసుకోండి.

పెదవాల్తేరు_పైథాన్

మళ్ళీ ప్రయత్నించదగిన వాటికి ఒక గుర్తు ఇంటర్‌ఫేస్ పెడితే ఎలా ఉంటుంది? టైమ్‌అవుట్, తాత్కాలికంగా పోర్టు బిజీ లాంటివి దాన్ని ఇంప్లిమెంట్ చేస్తాయి. పిలిచేవాడు దాన్నొక్కదాన్నే పట్టుకుంటే సరిపోతుంది.

భీమిలి_పోస్ట్‌గ్రెస్

నాకు దాని మీద అభ్యంతరం ఉంది అమ్మా. మళ్ళీ ప్రయత్నించొచ్చా లేదా అన్నది ఎర్రర్‌ని బట్టి మాత్రమే తేలదు, చేస్తున్న పనిని బట్టి తేలుతుంది. బరువు చదవడంలో టైమ్‌అవుట్ అయితే నిశ్చింతగా మళ్ళీ చదవొచ్చు. కాటాని సున్నాకి సెట్ చేసే కమాండ్ పంపాక జవాబు రాకుండా టైమ్‌అవుట్ అయితే? కమాండ్ అందిందో లేదో మనకి తెలియదు. ఈలోగా లారీ ఎక్కితే, రెండోసారి పంపిన కమాండ్ లారీ బరువునే సున్నా చేయబోతుంది. రెండు చోట్లా ఎర్రర్ ఒకటే టైమ్‌అవుట్, నిర్ణయం మాత్రం వేరు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 40001 (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఢీకొన్నాయనే ఎర్రర్ కోడ్) వస్తే మళ్ళీ ప్రయత్నించమంటారు, నిజమే. కానీ ఫెయిలైన ఆ ఒక్క స్టేట్‌మెంట్‌ని కాదు, ట్రాన్సాక్షన్ మొత్తాన్ని మొదటి నుంచి. ఆ సంగతి తెలిసేది ట్రాన్సాక్షన్ మొదలుపెట్టిన కోడ్‌కే. ఎక్స్‌టెన్షన్ "ఏం జరిగింది" అన్నది నిజాయితీగా చెప్తే చాలు. "ఏం చేయాలి" అన్నది యార్డు పని తెలిసిన కోడ్ చూసుకుంటుంది.

పెదవాల్తేరు_పైథాన్

సున్నా కమాండ్ సంగతి నేను ఆలోచించలేదు. సరే, ఒప్పుకుంటున్నాను. ఆ ఇంటర్‌ఫేస్ వద్దు.

ఏయూ_విద్యార్థి

ఇవన్నీ టెస్ట్ ఎలా చేస్తారు? కేబుల్ పీకి పీకి చూడాలా?

గాజువాక_సి

అక్కర్లేదు బాబూ. లినక్స్‌లో సోక్యాట్ అనే టూల్ ఉంది. ఒకదానికొకటి కలిపిన రెండు నకిలీ సీరియల్ పోర్టులు తయారుచేసి ఇస్తుంది. ఒక వైపు ఎక్స్‌టెన్షన్, రెండో వైపు మన స్క్రిప్టు. సగం లైన్ పంపి ఆపేయొచ్చు, చెత్త పంపొచ్చు, ఏమీ పంపకుండా కూర్చోవచ్చు, సోక్యాట్‌నే చంపేస్తే పోర్టే పోయినట్టు. ఇంజిన్‌తో వచ్చే పీహెచ్‌పీటీ టెస్ట్ ఫైళ్ళ పద్ధతిలోనే టెస్టులు రాయొచ్చు. ప్రతి టెస్టునీ రెండుసార్లు నడపండి, రెండోసారి వార్నింగులన్నిటినీ త్రో చేసే హ్యాండ్లర్ పెట్టి. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కింద నడిపేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో జెండ్ అల్లొకేటర్‌ని (ఇంజిన్ సొంత మెమరీ నిర్వహణని) ఆపేయాలి. లేకపోతే లీకులు సరిగ్గా కనిపించవు.

మధురవాడ_డెవ్

టీమ్‌తో కూర్చుని ఇక్కడ చెప్పినవన్నీ చర్చించాం. మేం అనుకున్నది ఇది, తప్పులుంటే చెప్పండి.

పిలిచేవాడి తప్పులకి ఇంజిన్ ఇచ్చే టైప్ఎర్రర్, వాల్యూఎర్రర్. మూసేసిన పోర్టు మీద చదవమని అడిగితే అది కూడా కోడ్ తప్పే కనుక కాటాఎర్రర్. బయటి కారణాలన్నిటికీ మూల క్లాసు కాటాఎక్సెప్షన్, దాని కింద మూడే: పోర్ట్ఎక్సెప్షన్, టైమ్‌అవుట్ఎక్సెప్షన్, ఓవర్‌లోడ్ఎక్సెప్షన్. ఇండికేటర్ పంపిన లైన్ అర్థం కాకపోతే దానికి విడిగా ఇంకోటి పెట్టాలా అని చాలాసేపు వాదించుకున్నాం. అక్కడ గుమాస్తా చేయగలిగింది ఏమీ లేదు, కాబట్టి మూల క్లాసు కాటాఎక్సెప్షన్‌నే త్రో చేసి, వచ్చిన లైన్‌ని ప్రాపర్టీలో ఇస్తాం. లారీ కదలడం ఇక ఎక్సెప్షన్ కాదు, రీడింగ్‌లో గుర్తు.

అప్లికేషన్‌లో చేత్తో టైప్ చేసే స్క్రీన్ పోర్ట్ఎక్సెప్షన్‌కీ టైమ్‌అవుట్ఎక్సెప్షన్‌కీ మాత్రమే తెరుచుకుంటుంది. అది కూడా కారణం, టైప్ చేసినవారి లాగిన్ రికార్డులో పడ్డాకే. కాటాఎర్రర్ వస్తే స్క్రీన్ తెరుచుకోదు, మాకు అలర్ట్ వస్తుంది.

ఫాల్స్ ఇచ్చే పాత ఫంక్షన్లు వెంటనే తీయలేం, యార్డులో ఇంకో రిపోర్టు స్క్రిప్టు వాటిని వాడుతోంది. ఒక రిలీజ్ పాటు డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు, తీసేయబోతున్నాం) అని గుర్తు పెట్టి ఉంచుదామని.

కంచరపాలెం

మూడు కొమ్మలు, రెండు వేర్లు. దీనికి నేనేం అడ్డు చెప్పను. లైన్ అర్థం కానిదానికి కొత్త క్లాసు పెట్టకపోవడం నాకు బాగా నచ్చింది. రేపు నిజంగా అవసరపడితే వేరు కింద కొమ్మ కలపొచ్చు, వేరుని క్యాచ్ చేసే కోడ్ ఏదీ విరగదు. పెట్టిన కొమ్మని తీసేయడం మాత్రం అంత సులువు కాదు.

గాజువాక_సి

బాగుంది తమ్ముడూ. డెప్రికేటెడ్ గుర్తుకి స్టబ్ ఫైల్‌లో (ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైల్) ఆ ఫంక్షన్ మీద డాక్ కామెంట్ రాస్తే చాలు, జెన్‌స్టబ్ స్క్రిప్టు మిగతాది చూసుకుంటుంది. పిలిచిన ప్రతిసారీ ఇంజిన్ డెప్రికేషన్ నోటీసు వేస్తుంది.

ఒక్కటి చూసుకో. ఆ నోటీసు కూడా మీ ఎర్రర్ హ్యాండ్లర్ గుండానే పోతుంది. ఆ హ్యాండ్లర్ దొరికినవన్నీ ఎర్రర్ఎక్సెప్షన్‌గా మారుస్తుంటే, రిపోర్టు స్క్రిప్టు కొత్త రిలీజ్ వేసిన రోజే ఆగిపోతుంది.

మధురవాడ_డెవ్

ఇప్పుడే తెరిచి చూశాను. హ్యాండ్లర్ అన్నిటినీ మారుస్తోంది, లెవెల్ చూడటం లేదు. డెప్రికేటెడ్ లెవెల్‌ని లాగ్‌కి మాత్రమే పంపేలా ఆ మార్పు ముందు వేసి, తర్వాత ఎక్స్‌టెన్షన్ వేస్తాం.